సామ్రాజ్యమ్మ దాహం

చీరాలలో ఫిజియోథెరపీ చేసే హైమావతి మనసు వెన్న, కానీ ఎదుటి మనిషి తనంతట తాను ఒక్క అడుగు వేస్తుంటే చూసి ఓర్చుకోలేకపోయేది. కళ్ళు కుట్టి కాదు, కంగారు కొద్దీ.

ఆమె ఒక చిన్న చికిత్సా కేంద్రం నడిపేది. పక్షవాతం వచ్చినవాళ్ళు, ఎముకలు విరిగి అతుక్కున్నవాళ్ళు, కాళ్ళనూ చేతులనూ మళ్ళీ దారికి తెచ్చుకోవడానికి అక్కడికి వచ్చేవారు. అక్కడ పడకలు ఉండేవి కావు. పొద్దున్నే ఒక ఆటో అందరినీ ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని తెచ్చి దింపేది. వ్యాయామాలన్నీ అయ్యాక, మధ్యాహ్నం భోజనాల వేళకు మళ్ళీ అందరినీ తీసుకుపోయేది. అందాకా వాళ్ళంతా ఆ హాల్లోనే ఉండేవారు.

ఎవరైనా కుర్చీలోంచి కాస్త ముందుకు వంగితే చాలు, హైమావతి ఏ మూల ఉన్నా పరుగెత్తుకొచ్చి జబ్బ పట్టుకునేది. ఆయా నాగూర్‌బీకి కూడా అదే అలవాటు చేసింది. ఎవరైనా గ్లాసు అందుకోబోతే వాళ్ళిద్దరిలో ఒకరు గ్లాసు తెచ్చి నోటికి పెట్టేవాళ్ళు. చొక్కా గుండీ పెట్టుకోబోతే గుండీ పెట్టేసేవాళ్ళు. "మా దగ్గర ఇంతవరకూ ఒక్క మనిషి కూడా కింద పడలేదు" అని హైమావతి అందరికీ చెప్పుకునేది. అది నిజమే. పడాలంటే ముందు ఎవరినైనా నిలబడనివ్వాలి కదా.

ఆ కంగారుకు ఒక కారణం లేకపోలేదు. చిన్నప్పుడు ఆమెను పెంచిన మేనత్త ఒకరోజు స్నానాలగదిలో జారిపడింది. తుంటి విరిగింది. ఆవిడ మళ్ళీ లేచి తిరగలేదు. అప్పుడు తలుపు అవతల వినిపించిన చప్పుడు హైమావతి చెవుల్లో అలాగే ఉండిపోయింది. ఎన్నేళ్ళొచ్చినా, ఎంత చదువు చదివినా, ఎవరైనా తూలితే ఆమె గుండె జారిపోయేది. పాపం, ఆమెను ఏమనగలం?

ఆ కేంద్రానికి వచ్చేవాళ్ళలో సామ్రాజ్యమ్మ ఒకతె. రైల్వేస్టేషన్ దగ్గర ఇడ్లీ బండి పెట్టి బతికిన మనిషి. భర్త పోయాక బండి ఒంటిచేత్తో తోసుకుంది, ఒంటిచేత్తో ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసింది. ఆమె బండి దగ్గర ఎవరి గ్లాసైనా ఖాళీగా కనిపిస్తే ఊరుకునేది కాదు. "ముందు నీళ్ళు తాగు, తర్వాత మాట్లాడు" అని గదమాయించి మరీ పోసేది. రైలెక్కే తొందరలో ఉన్నవాడు కూడా ఆ నీళ్ళు తాగాకే కదిలేవాడు. అలాంటి సామ్రాజ్యమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు మాత్రం పడిపోలేదు. కేంద్రంలో అడుగుపెట్టిందంటే హాలంతా ఆమె గొంతే వినిపించేది.

ఇలా ఉండగా ప్రభుత్వం ఒక కొత్త నిబంధన తెచ్చింది. ఇలాంటి చికిత్సా కేంద్రాలన్నీ ఇక మీదట ధ్రువపత్రం తీసుకోవాలి. అధికారులు వచ్చి చూస్తారు, అన్నీ సరిగ్గా ఉంటే ఇస్తారు. అది లేని చోట ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద చికిత్స కుదరదు. హైమావతి దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఆ కార్డు మీద వచ్చేవాళ్ళే.

సామ్రాజ్యమ్మ ఈ మాట విని అంది, "ఇక్కడ లేకపోతే గుంటూరు పోవాలంటగా. అంత దూరం నేనేడ పోతానమ్మాయ్? ఇక్కడుంటే చేయించుకుంటా. లేకపోతే మంచాన పడుంటా."

"నువ్వెక్కడికీ పోనక్కర్లేదు పిన్నీ. ఆ కాగితం నేను తెస్తాగా" అంది హైమావతి.

ఆమె మాట ఇస్తే తప్పేది కాదు. నిబంధనలన్నీ తెప్పించుకుని చదివింది. గుమ్మం ముందు మెట్లకు బదులు వాలుగా దారి ఉండాలి. హాల్లో రెండు గోడల వెంటా పట్టుకుని నడిచే కడ్డీలు ఉండాలి. కాలూ చెయ్యీ పడిపోయిన మనిషి ఎవరి సాయమూ లేకుండా వెళ్ళి రాగలిగేలా మరుగుదొడ్డి ఉండాలి. దాని తలుపు వెడల్పుగా, బయటకు తెరుచుకునేలా ఉండాలి. లోపల కూర్చున్నచోటి నుంచే అందేలా గంట తాడు వేలాడాలి.

చదువుతుంటే హైమావతికి చిరాకు పుట్టింది. "ఈ కడ్డీలన్నీ ఎందుకు నాగూర్‌బీ? మన చేతులేమయ్యాయి?" అంది.

"అంతేగదమ్మా. పట్టుకున్న మనిషికి నీరసంగా ఉందని ఇనుముకేం తెలుస్తది?" అంది నాగూర్‌బీ.

"అందులోనూ రెండు గోడలకీ అట. ఒక గోడకు చాలదూ?"

ఇద్దరూ కలిసి ప్రభుత్వాన్ని కాసేపు తిట్టుకున్నారు. అయినా హైమావతి ఏదీ తక్కువ చేయలేదు. మేస్త్రీని పిలిపించి మెట్లు కొట్టించింది. గోడలకు స్టీలు కడ్డీలు వేయించింది. హాలు మూలనున్న సామాన్ల గదిని ఖాళీ చేయించి కొత్త మరుగుదొడ్డి కట్టించింది. కాలు జారని పలకలు, కుర్చీలా కూర్చునే కమోడ్, దానికి అటూ ఇటూ కడ్డీలు, ఎడమచేత్తో కూడా సులువుగా జరిగే పెద్ద గడియ, ఎర్ర రంగు గంట తాడు. అధికారులు వస్తామన్న రోజుకు ఇంకా చాలా వ్యవధి ఉండగానే పని పూర్తయింది. గది అద్దంలా మెరిసిపోయింది.

హైమావతి దాన్ని తనివితీరా చూసుకుని, తలుపు మూసి, తాళం వేసింది.

మనలో కొత్త కుర్చీ కొంటే దాని ప్లాస్టిక్ కవరు చిరిగి పీలికలయ్యేదాకా తీయనివాళ్ళు ఎంతమంది లేరు. పెళ్ళికి పెట్టిన గాజు గ్లాసులు బీరువాలోనే ముసలివైపోయిన ఇళ్ళు నాకు తెలుసు. హైమావతిదీ అదే బుద్ధి. ఇంత బాగా కట్టించిన గది అధికారులు వచ్చేలోపు పాడైపోతే? పలకలు మరకలు పడితే? అందుకని తాళంచెవి తన సొరుగులో పడేసింది. హాల్లో కడ్డీలకు చుట్టి ఉన్న ప్లాస్టిక్ కూడా విప్పనివ్వలేదు. ఎవరైనా వాటిని పట్టుకోబోతే, "అవి ఎందుకు, నేను లేనూ?" అని తన చెయ్యి అందించేది.

అందాకా అందరికీ పెరట్లో ఉన్న పాత మరుగుదొడ్డే దిక్కు. దానికి రెండు మెట్లు ఉండేవి. తలుపు ఇరుకు. సామ్రాజ్యమ్మ వెళ్ళాలంటే హైమావతి ఒక పక్క, నాగూర్‌బీ ఒక పక్క పట్టుకుని మెట్లు ఎక్కించేవాళ్ళు. లోపల ఇద్దరు పట్టేంత చోటు లేదు కాబట్టి తలుపు తెరిచే ఉంచేవాళ్ళు. నాగూర్‌బీ ఆమె భుజాలు పట్టుకుని నిలబడేది, హైమావతి తలుపు దగ్గర నిలబడి "మెల్లగా పిన్నీ, మెల్లగా" అంటూ ఉండేది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు.

ఒకరోజు సామ్రాజ్యమ్మ, "ఆ కొత్త గది తాళం తియ్యగూడదా అమ్మాయ్?" అని అడిగింది. గలగలా మాట్లాడే మనిషి ఆ మాట మాత్రం చాలా నెమ్మదిగా అంది.

"ఆఫీసర్లు చూసి వెళ్ళగానే తీసేద్దాం పిన్నీ. అందాకా నేనూ నాగూర్‌బీ లేమా?" అంది హైమావతి నవ్వుతూ.

సామ్రాజ్యమ్మ మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత ఆమెను పెరట్లోకి తీసుకువెళ్ళాల్సిన పని కూడా పడలేదు. అలవాటైంది కాబోలు, పిన్ని ఇంటి దగ్గరే అన్నీ చూసుకుని వస్తోంది అనుకుని హైమావతి సంతోషించింది.

ఎండలు ముదిరాయి. హాలు గుమ్మం పక్కన మంచినీళ్ళ కుండ ఉండేది. దానికి తడిగుడ్డ చుట్టి నాగూర్‌బీ రోజూ నింపేది.

"ఏంటోనమ్మా, ఇంత ఎండలోనూ కుండలో నీళ్ళు తగ్గట్లేదు. పొద్దున పోసింది పోసినట్టే ఉంటుంది" అంది ఒకరోజు నాగూర్‌బీ.

"ఇంటి దగ్గర తాగి వస్తున్నారేమోలే" అంది హైమావతి. ఆమె ధ్యాసంతా రాబోయే అధికారుల మీదే ఉంది.

ఆ రోజు రానే వచ్చింది. హైమావతి అందరికంటే ముందే వచ్చి కొత్త గది తాళం తీసింది. ఫినాయిల్ వేసి కడిగించింది. కడ్డీల మీది ప్లాస్టిక్ విప్పించింది. కొత్త సబ్బు, కొత్త తువ్వాలు పెట్టించింది. ఆటో దిగిన వాళ్ళందరినీ వరుసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, "ఇవాళ ఒక్కరోజు ఎవరూ అటు వెళ్ళకండి. గది పొడిగా ఉండాలి" అని బతిమాలింది. వాళ్ళు తలలూపారు. ఆమెను ఇబ్బంది పెట్టాలని వాళ్ళలో ఎవరికీ లేదు.

తనిఖీకి వచ్చిన అధికారి పేరు డాక్టర్ విక్టోరియా. పెద్దగా మాట్లాడని మనిషి. కారు దిగి, వాలు దారి మీద తానే చక్రాల కుర్చీ తోసి చూసింది. ఆ తర్వాత ఒక విచిత్రమైన పని చేసింది. తన కుడిచేతిని చీరకొంగులో చుట్టి నడుముకు దోపుకుంది. ఇక అక్కడినుంచి ప్రతి పనీ ఎడమచేత్తోనే చేసింది. కడ్డీ పట్టుకుని హాలు దాటింది. మరుగుదొడ్డి తలుపు తీసింది, లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది, కమోడ్ మీద కూర్చుని లేచింది. తాడు లాగింది. గంట మోగగానే నాగూర్‌బీ పరుగెత్తుకొచ్చింది.

"బాగుంది. ఇంత చక్కగా కట్టించినవాళ్ళు ఈ మధ్య నాకు కనబడలేదు" అంది విక్టోరియా బయటికి వచ్చి.

హైమావతి ముఖం విప్పారింది. వెంటనే అందరికీ కొబ్బరినీళ్ళు తెప్పించింది. విక్టోరియా తన గ్లాసు తాగేసి హాలంతా ఒకసారి చూసింది. కుర్చీల్లో ఉన్నవాళ్ళందరి చేతుల్లోనూ గ్లాసులు ఉన్నాయి. ఎవరూ తాగడం లేదు. చికిత్సకు వచ్చే లారీ డ్రైవరు ప్రభుదాసు తన గ్లాసును మెల్లగా కుర్చీ కిందకు జరిపాడు. సామ్రాజ్యమ్మ గ్లాసు కిటికీ గట్టు మీద నిండుగా ఉంది.

"అమ్మా, మీరు కాస్త ఈ కడ్డీ పట్టుకుని నడిచి చూపిస్తారా?" అంది విక్టోరియా సామ్రాజ్యమ్మతో.

హైమావతి అలవాటుగా ముందుకు దూకింది.

"మీరు ఉండండి" అంది విక్టోరియా.

సామ్రాజ్యమ్మ ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని లేచింది. కొన్ని అడుగులు బాగానే వేసింది. అంతలో ముఖం పాలిపోయింది. నుదుట చెమట పట్టింది. కడ్డీ మీద చెయ్యి వదులై, గోడకు ఆనుకుని అలాగే కిందికి జారసాగింది. హైమావతి ఒక్క ఉదుటున వెళ్ళి పట్టుకుంది. లేకపోతే తల నేలకు తగిలేదే.

చాప మీద పడుకోబెట్టి ముఖం మీద నీళ్ళు చల్లారు. హైమావతి వంగి చూసింది. సామ్రాజ్యమ్మ పెదాలు పగిలి ఉన్నాయి. నాలుక అట్టలా ఎండిపోయి ఉంది.

"పిన్నీ, పొద్దున్నుంచీ ఏమైనా తాగావా?"

"దాహం లేదులే అమ్మాయ్."

విక్టోరియా కూడా వచ్చి నేల మీదే కూర్చుంది. "దాహం లేదా అమ్మా, తాగడం లేదా?" అని అడిగింది.

సామ్రాజ్యమ్మ పైకప్పు వైపు చూపు తిప్పుకుంది. తర్వాత, "తాగితే పోవాలిగా తల్లీ" అంది.



"ఇక్కడికొచ్చే రోజు నిద్ర లేచినకాణ్ణుంచీ చుక్క నీళ్ళు ముట్టుకోను. మొదట్లో తల తిరిగేది, ఇప్పుడు అలవాటైపోయింది. ఎవరి మీదా ఆధారపడకుండా బతికినదాన్ని. ఇప్పుడేమో తలుపు బార్లా తీసి, ఇద్దరు పట్టుకుని..." సామ్రాజ్యమ్మ ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది, "ఈళ్ళని ఏమీ అనబాకు తల్లీ. ఈళ్ళు బంగారంలాంటోళ్ళు. ఒక్కనాడు కూడా విసుక్కోలేదు. విసుక్కుంటే నేనూ నాలుగు తిట్టేదాన్ని, మనసు తేలికపడేది."

"నేనూ అంతే మేడమ్. కాఫీ కూడా మానేశా" అన్నాడు ప్రభుదాసు నేల చూపులు చూస్తూ. మిగతావాళ్ళూ తలలు దించుకున్నారు.

హైమావతికి కుండ గుర్తొచ్చింది. పోసినవి పోసినట్టే ఉండే నీళ్ళు గుర్తొచ్చాయి. తన కళ్ళ ముందే, తన హాల్లోనే ఇంతమంది గొంతులు ఎండబెట్టుకుని కూర్చుంటే, వాళ్ళ జబ్బలు పట్టుకుని తిరుగుతూ తాను ఎంతో సేవ చేస్తున్నాననుకుంది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"మరి ఆ గది అంత బాగుంది కదా. అందులోకి ఒక్కరే వెళ్ళొచ్చు కదా. ఎందుకు వెళ్ళడం లేదు?" అని అడిగింది విక్టోరియా.

నాగూర్‌బీ గభాలున అందుకుంది. "ఇప్పుడే కట్టాం మేడమ్. సిమెంటు ఆరలేదని..."

ఆ మాటతో సరిపోయేదే. విక్టోరియా నమ్మేదే. సామ్రాజ్యమ్మ గుంటూరు వెళ్ళాల్సిన పని ఉండేది కాదు, హైమావతి ఇచ్చిన మాటా నిలబడేది. హైమావతి ఒక్క క్షణం ఊరుకుంటే చాలు. కానీ ఆమె చేతుల్లో సామ్రాజ్యమ్మ చెయ్యి ఉంది. అది వేడిగా, పొడిగా ఉంది.

"నువ్వు ఆగు నాగూర్‌బీ" అంది హైమావతి. తర్వాత విక్టోరియా వైపు తిరిగి, "సిమెంటు ఎప్పుడో ఆరిపోయింది మేడమ్. నేనే తాళం వేశాను. మీరు వచ్చి చూసేదాకా కొత్తగా ఉండాలని. పిన్ని తాళం తియ్యమని అడిగింది కూడా. నేనే తియ్యలేదు" అంది.

విక్టోరియా కోప్పడలేదు. కొంగులోంచి కుడిచెయ్యి బయటికి తీసి చీర సర్దుకుంది. "హైమావతి గారూ, ఈ గది నాకు చూపించడానికి కట్టారు. నాకు బాగానే పనికొచ్చింది. వీళ్ళకు పనికొచ్చాక నన్ను పిలవండి, మళ్ళీ వస్తాను. ఇవాళ మాత్రం సంతకం పెట్టలేను" అంది.

గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగింది. "మీరు నిజం చెప్పారు కాబట్టి నేను మళ్ళీ వస్తానంటున్నాను" అని చెప్పి వెళ్ళిపోయింది.

ధ్రువపత్రం రాలేదు. కార్డు మీద చికిత్స ఆగిపోయింది. అయినా హైమావతి ఎవరినీ మానేయమనలేదు. ఆటో ఎప్పటిలాగే వచ్చింది, వ్యాయామాలు ఎప్పటిలాగే సాగాయి. ఆ భారమంతా ఆమే మోసింది. తనకు ఆ మాత్రం శిక్ష పడాల్సిందే అనుకుంది. ఇక ఆ తాళం సంగతంటారా, దాన్ని నాగూర్‌బీకి ఇచ్చేసి, "నీ ఇంటికి పట్టుకుపో, మళ్ళీ నా కంట పడనీయకు" అంది.

కానీ తాళం తీసినంత తేలిక కాదు, చేతులు వెనక్కి తీసుకోవడం. ఎవరైనా లేచి నిలబడితే హైమావతి పాదాలు వాటంతటవే పరుగెత్తేవి. చివరికి ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని నిలబడడం మొదలుపెట్టింది.

"ఏందమ్మాయ్, పంతులుగారు నిలబెట్టినట్టు నిలబడ్డావు?" అని సామ్రాజ్యమ్మ వేళాకోళం చేసేది.

సామ్రాజ్యమ్మ ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని హాలు ఈ చివరినుంచి ఆ మూలకు నడవడం నేర్చుకుంది. మొదటిసారి అక్కడి దాకా వెళ్ళి వెనక్కి తిరిగినప్పుడు, ఆ కడ్డీ ఆమెకు కుడివైపుకు వచ్చేసింది. కుడిచెయ్యి పనిచేయదు. ఆమె ఒక్క క్షణం తడుముకుని, ఎడమచేత్తో చివరి గోడకు ఆనుకుంటూ అవతలికి వెళ్ళి, ఎదుటి గోడ కడ్డీని అందుకుని నింపాదిగా తిరిగి వచ్చింది. హైమావతి అలా చూస్తూ నిలబడిపోయింది. రెండు గోడలకీ కడ్డీలు ఎందుకని తాను తిట్టుకుంది. ఆ నిబంధన రాసిన వాళ్ళెవరో కానీ, వెళ్ళిన మనిషి తిరిగి రావాలి కదా అని కూడా ఆలోచించారు. ఇదంతా ఆమె చదువుకున్న చదువులో ఉన్నదే. ఎప్పుడూ పక్కన తానే ఉండడంతో మరిచిపోయింది.

కొద్దిరోజులకు సామ్రాజ్యమ్మ ఒంట్లో సత్తువ వచ్చింది. ఒకరోజు కుర్చీలోంచి లేచి, "నేను అట్టా పోయొస్తా" అంది.

హైమావతి గోడ పక్కనే ఆమెతో నడిచింది. కొత్త గది దగ్గరికి వచ్చాక సామ్రాజ్యమ్మ ఆగి, "ఇంక నువ్వు ఇక్కడే ఉండమ్మాయ్" అంది. లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

మూసిన తలుపు ముందు హైమావతి నిలబడింది. అవతల మేనత్త ఉన్నట్టే అనిపించింది. ఏ చిన్న అలికిడైనా అదే చప్పుడులా వినిపించింది. ఆమె చెయ్యి తలుపు మీదికి వెళ్ళింది. "పిన్నీ" అని పిలవబోయింది. పిలవలేదు. చేతిని మళ్ళీ వెనక్కి తీసుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది. గంట తాడు లోపల ఉంది. కావాలంటే పిన్ని లాగుతుంది. ఆ మాట తనకు తానే చెప్పుకుంటూ కళ్ళు మూసుకుంది.

గంట మోగలేదు. కాసేపటికి నీళ్ళు పోస్తున్న చప్పుడు, తర్వాత గడియ తీస్తున్న చప్పుడు వినిపించాయి. సామ్రాజ్యమ్మ బయటికి వచ్చింది. ముఖం కడుక్కుంది కాబోలు, చెంపల మీద తడి ఉంది. ముంగురులు సర్దుకుంది.

"ఏందమ్మాయ్, నువ్వు ఏడుస్తన్నావా?" అంది.

"లేదు పిన్నీ."

"ఏడిస్తే ఏడువులే. నాకు మాత్రం ఈ గడియ వేసుకుంటే ప్రాణం లేచొచ్చినట్టుంది. జబ్బు చేసినకాణ్ణుంచీ ఒక్కదాన్నే ఉండటం ఇదే మొదలు." కుర్చీ దగ్గరికి తిరిగి వచ్చి, నాగూర్‌బీని కేకేసింది. "ఆ కుండలో నీళ్ళు చల్లగా ఉన్నాయా?"

ఆ రోజునుంచి కుండ మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది. రెండోసారి నింపలేక చస్తున్నానని నాగూర్‌బీ సణిగేది. ఆ సణుగుడు హైమావతికి ఎంతో హాయిగా ఉండేది.

తొలకరి వానలు పడ్డాక హైమావతి కబురు పంపింది. విక్టోరియా మళ్ళీ వచ్చింది. ఈసారి ఎవరూ ఫినాయిల్ వేసి కడగలేదు, మామూలుగా రోజూ కడిగినట్టే కడిగారు. హాల్లో కడ్డీలు చేతులు పడి పడి మెరుపు తగ్గాయి. కొత్త గది ఇప్పుడు కొత్తగా లేదు. సబ్బు అరిగి చిన్న బిళ్ళయింది. తువ్వాలు తడిగా ఉంది. ఒక పలక అంచు ఊతకర్ర తగిలి కొంచెం పెచ్చు లేచింది. అది కనబడకూడదని నాగూర్‌బీ దాని మీద నిలబడబోయింది. హైమావతి ఆమెను పక్కకు జరిపింది. విక్టోరియా ఆ సబ్బుబిళ్ళను చేతిలోకి తీసుకుని చూసి చిన్నగా నవ్వింది.

"ఎండలో వచ్చాను. కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అంది హాల్లోకి వచ్చి.

నాగూర్‌బీ కదిలేలోపే సామ్రాజ్యమ్మ లేచింది. కడ్డీ పట్టుకుని కుండ దగ్గరికి వెళ్ళింది. గట్టు మీద గ్లాసు పెట్టి, ఎడమచేత్తో ముంచి పోసింది. సగం గ్లాసులో పడ్డాయి, సగం నేల మీద పడ్డాయి. హైమావతి పాదం ఒకటి ముందుకు వచ్చింది. అక్కడే ఆగిపోయింది. గ్లాసు పట్టుకుంటే కడ్డీ పట్టుకోవడానికి చెయ్యి లేదు కాబట్టి సామ్రాజ్యమ్మ అక్కడినుంచే పిలిచింది.

"ఇటు రా తల్లీ, తీసుకో."

విక్టోరియా వెళ్ళి గ్లాసు అందుకుంది. "ఇప్పుడు మీకు ఎలా ఉందమ్మా?" అని అడగబోయింది.

"ముందు నీళ్ళు తాగు, తర్వాత మాట్లాడు" అంది సామ్రాజ్యమ్మ.

డాక్టర్ విక్టోరియా బుద్ధిగా తాగింది. సామ్రాజ్యమ్మ తనకూ ఒక గ్లాసు పోసుకుంది. అందరూ చూస్తుండగా గుటగుటా తాగి, ఖాళీ గ్లాసు బోర్లించింది. హైమావతి చేతులు వెనకే ఉన్నాయి, కళ్ళలో మాత్రం నీళ్ళు నిలిచాయి.

విక్టోరియా ఇక ఏమీ అడగలేదు. అక్కడే నిలబడి ధ్రువపత్రం మీద సంతకం పెట్టింది. సామ్రాజ్యమ్మ గుంటూరు వెళ్ళనక్కర్లేకపోయింది. ఆ ధ్రువపత్రాన్ని నాగూర్‌బీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోడకు తగిలిస్తానంటే, హైమావతి కవరు తీయించి తగిలించింది.

ఎదుటి మనిషి తన పని తాను చేసుకునే వీలు కల్పించడమే అసలైన సాయం. ఆ వీలుకు తాళం వేసి, ఎంత ప్రేమగా చెయ్యి పట్టుకున్నా అది వాళ్ళకు బరువే అవుతుంది.